పుంటికూర యెరుపు – రక్తపుపోటు

(రజతోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠము)



మన గ్రంథాలయమునకు ఇరువదియైదేండ్లు నిండిన ఈ శుభవేళ కావ్యప్రసంగము చేయుమని కార్యవర్గమువారు నన్ను కోరిరి. గ్రామ లెక్కలు వ్రాసుకొను నాకు కావ్యములు ఎంత ప్రియమో మీరెరుగుదురు. అయినను నేడు వానిని విడిచి, మేడ్చల్, శామీర్‌పేట చేలగట్ల మీద పెరుగు పుంటికూరను గూర్చి నాలుగు మాటలు మనవి చేసెదను. దాని యెరుపు రక్తపుపోటును తగ్గించునని విని, మన చదువరులలో కొందరు వైద్యుడిచ్చిన మాత్రలు మానుకొనుచున్నారు. అదియే నా భయము.

ఆ మాట ఒట్టి పుకారు కాదు. కవులు పూవుల వన్నెలను వర్ణించిరి. రసాయనజ్ఞులు ఆ వన్నెలను విడదీసి చూచిరి. ఆంధ్ర విశ్వవిద్యాలయ ఆచార్యులు టి. ఆర్. శేషాద్రిగారు తమ సహచరునితో కూడి, కోస్తావారు గోంగూర యను ఈ మొక్క పూవులలోని వర్ణద్రవ్యములను వేరుచేసి 1942లో ప్రకటించిరి. పూవు రాలిన పిదప కాయను చుట్టియుండు కండగల యెర్రని రేకులలో, ఆ ద్రవ్యములకు జ్ఞాతులైన ఆంథోసయనిన్లు కలవు. నేరేడుపండు నలుపునకును ఇవియే కారణము.

2010లో అమెరికాలో ప్రకటింపబడిన యొక పరీక్షలో, పోటు కొంచెము హెచ్చుగా నుండి మందులు వాడని 65 మందిని రెండు జట్లుగా విభజించిరి. ఒక జట్టునకు ఈ రేకుల కషాయమును, రెండవదానికి దానిని పోలిన యుత్త పానీయమును దినమునకు మూడు కప్పుల చొప్పున ఆరు వారములిచ్చిరి. పోటు పై అంకె మొదటి జట్టులో సగటున 7.2, రెండవదానిలో 1.3 తగ్గినది. రక్తనాళములను ముడుచుకొనజేయు ఒక ఎంజైమును ఈ వర్ణద్రవ్యములు కొంత అడ్డగించునని ప్రయోగశాలలలో తేలినది. ఎనలాప్రిల్ మాత్ర పనిచేయునదియు ఆ ఎంజైము మీదనే.

ఇది జమ. ఇక ఖర్చు చూడుడు. పరీక్ష చిన్నది, ఆరు వారములది. కషాయములో పులుపునిచ్చు ఆమ్లములును గలవు గనుక ఫలమంతయు యెరుపుదేయని చెప్పరాదు. త్రాగించినది రేకుల కషాయము గాని ఆకుకూర కాదు; నిలువ పచ్చడి అసలే కాదు. పచ్చడిలోని ఉప్పు పోటును పెంచును. దినమునకు ఉప్పు 5 గ్రాములకు మించరాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పుచున్నది. మాత్రలు పక్షవాతమును, గుండెపోటును తగ్గించునని వేలమందిపై యేండ్ల తరబడి చేసిన పరీక్షలు తేల్చినవి. కషాయమునకు అట్టి సాక్ష్యము లేదు. మాత్ర మానిన మరునాడు ఏమియు కాలేదని ధైర్యపడరాదు. ఈ బాకీ చప్పుడు లేకుండ వడ్డీతో పెరుగును.

కావున కషాయము రుచించినవారు ఉప్పు, చక్కెర కలుపక త్రాగుడు. మాత్రలు వాడువారు, మూత్రపిండముల జబ్బు గలవారు, గర్భిణులు ముందుగా వైద్యునడుగవలెను. మాత్రను తగ్గించుట, మాన్పించుట వైద్యుని పని. ప్రాథమిక ఆరోగ్య కేంద్రమున పోటు కొలిపించుకొని, తేదీతో సహా అంకె వ్రాసియుంచుడు.

సగము చదివి ప్రాణముమీదికి తెచ్చుకొనక, తుదివరకు చదివి తెలిసికొనుటకే గ్రంథాలయమున్నది.