ఫార్మాట్ చేయించే ముందు తాళంచెవి భద్రం



విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ వారి సాధారణ మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. అందువల్ల పాత కంప్యూటరును ఫార్మాట్ చేయించి కొత్త విండోస్ వేయించుకోవలసిన అవసరం మనలో చాలామందికి వచ్చింది. అయితే బ్యాంకు, పెన్షను పాస్‌వర్డులను ఇన్నాళ్లూ మన తరఫున గుర్తుంచుకున్నది బ్రౌజరు. ఫార్మాటుతో అవి కూడా పోతాయి.

ట్రెజరీలో డబుల్ లాక్ పద్ధతి మనకు తెలిసినదే. ఒక్క చెవితో పెట్టె తెరుచుకోదు. ఇక్కడా అంతే. ఫైర్‌ఫాక్స్‌లో పాస్‌వర్డులు 'లాగిన్స్ డాట్ జేసన్' ఫైలులో, వాటి తాళంచెవి 'కీ4 డాట్ డీబీ' ఫైలులో ఉంటాయి. రెండూ కలిపి పెన్‌డ్రైవులోకి తీసుకుంటే కొత్త విండోస్‌లోనూ పనిచేస్తాయి. క్రోమ్ తాళంచెవి మాత్రం పాత విండోస్ ఖాతాతో ముడిపడి ఉంటుంది. ఒట్టి ఫైలు కాపీ చేసుకున్నా తెరుచుకోదు. గూగుల్ ఖాతాలో సింక్ చేసి ఉంచినవారికి అదే ఖాతాతో లాగిన్ అయితే అన్నీ తిరిగి వస్తాయి. లేనివారు ఫార్మాటుకు ముందే పాస్‌వర్డ్ మేనేజరు నుండి ఫైలు డౌన్‌లోడ్ చేసుకోవాలి. ఆ ఫైలు ఎవరైనా చదవగలరు. పని కాగానే చెరిపివేయండి.

అన్నీ పోయినా దిగులు వద్దు. రిజిస్టరైన మొబైలుకు వచ్చే ఓటీపీతో చాలాచోట్ల కొత్త పాస్‌వర్డు పెట్టుకోవచ్చును. కనుక నంబరు మారితే వెంటనే బ్యాంకుకు తెలియజేయండి. ఓటీపీ ఎవరికీ చెప్పకండి. ఏ ఖాతా ఏ నంబరుతో ఉన్నదో ఇంట్లో జీవిత భాగస్వామికి తెలిసి ఉండాలి. రేపు ఫ్యామిలీ పెన్షను కోసం తిరగవలసింది వారే.

సెలవు.