అడిక్‌మెట్: శిలాఫలకం మీద లేని పేర్లు
(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



అడిక్‌మెట్, తార్నాక అనగానే ఉస్మానియా గుర్తొస్తుంది. ఉస్మానియా అనగానే ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ గుర్తొస్తారు. 1917లో ఆయన ఫర్మానా ఇచ్చారు, 1918లో విశ్వవిద్యాలయం ఏర్పడింది. బెల్జియం వాస్తుశిల్పి ఎర్నెస్ట్ జాస్పర్ రూపమిచ్చిన ఆర్ట్స్ కాలేజీకి 1934లో శంకుస్థాపన జరిగింది, 1939లో నిజామే ప్రారంభించారు. ఇదంతా మనకు తెలిసిందే.

అంతకుముందే ఈ నేలకు రాజుతో మరో బంధం ఉంది. రెండో నిజాం కాలంలో అడిక్‌మెట్ మహ్ లఖా బాయి చందాకు జాగీరుగా దక్కింది. ఆమె 1768లో పుట్టి 1824లో కన్నుమూసిన ఉర్దూ కవయిత్రి. ఆమె సమాధి మౌలాలి గుట్ట కింద ఉంది. ఇఫ్లూ ఆవరణలో ఆమె పేరుతో పిలిచే మెట్లబావి ఉంది. మనలో చాలామంది ఆ దారినే ఏళ్ల తరబడి తిరిగాం, బావి వైపు చూసినవాళ్లు తక్కువ.

జాగీరంటే ఏమిటి? ఊరి శిస్తు ఖజానాకు కాక జాగీర్దారుకు చేరడం. ఇచ్చింది రాజు, పుచ్చుకున్నది జాగీర్దారు, కట్టింది మాత్రం దుక్కి దున్నిన రైతు. విశ్వవిద్యాలయానికి ఖర్చుపెట్టిన ప్రభుత్వ ధనంలోనూ ఆ రైతుల శిస్తు ఉంది. రాజ్యంలో అందరికంటే ఎక్కువమంది మాట్లాడిన భాష తెలుగు. ఉస్మానియాలో తెలుగు శాఖ ఉండేది, రాయప్రోలు సుబ్బారావు గారు బోధించారు. కానీ శాస్త్రాలు, చట్టం, వైద్యం మాత్రం ఉర్దూలోనే చెప్పారు. ఒక భారతీయ భాషలో ఉన్నత విద్య చెప్పడం ఆనాడు పెద్ద సాహసమే. ఆ భాష రాని ఇంటి పిల్లలకు మాత్రం అదే పెద్ద గడప అయింది. 1938లో వందేమాతరం పాడినందుకు విద్యార్థులను బహిష్కరిస్తే, నాగపూర్ విశ్వవిద్యాలయం వాళ్లను చేర్చుకుంది. మరుసటి ఏడే ఆర్ట్స్ కాలేజీ ప్రారంభమైంది.

రాజును పొగడటమో, తిట్టడమో నా ఉద్దేశం కాదు. రాళ్లెత్తిన కూలీ, శిస్తు కట్టిన రైతు కూడా ఈ చదువుకు దాతలే అని మన పిల్లలకు చెప్పాలి. 1949లో జాగీర్లు రద్దయ్యాయి. ఇప్పుడు ఇక్కడ గజం భూమి ధర వింటే గుండె జారుతుంది. ఈ నేల చదువుకే మిగలాలంటే, దాని కథ తెలిసినవాళ్లు ఉండాలి.

అందుకే మన సంఘానికి ఒక ప్రతిపాదన. ఏటా తొమ్మిదో తరగతి పిల్లలను అనుమతి తీసుకుని ఆ మెట్లబావికి, ఆర్ట్స్ కాలేజీకి, మౌలాలికి నడిపించుకెళదాం. కథ చెప్పే పని ఉపాధ్యాయులది, బస్సు ఖర్చు మనది.