మంగళగిరి నేతకుటుంబములు – జనాభా లెక్క



మన మంగళగిరి బెజవాడకును గుంటూరునకును నడుమ రాజమార్గముపై నున్న పురము. 2011 జనాభా లెక్కలో దీని జనసంఖ్య 73,613. 2021లో దీనిని తాడేపల్లితోఁ గలిపి నగరపాలకసంస్థగాఁ జేసిరి. చదువునకును, వ్యాపారమునకును, ఉద్యోగమునకును ఇరుప్రక్కల నగరములకుఁ బోయివచ్చువారు మనలో ననేకులు. అయినను ఈ యూరికిఁ బేరు దెచ్చినవి గాలిగోపురమును, మన పెద్దలు గుంటమగ్గములపై నేసిన జరీయంచు నూలుచీరలును.

ఆ వృత్తి క్షీణించుచున్నది. దేశమంతట నేతగాండ్రును అనుబంధపు పనివారును కలిసి 2009–10 చేనేత గణనలో 43.31 లక్షలుండఁగా, 2019–20 గణనలో 35.22 లక్షలైరి. పిల్లలు వేఱు జీవనము వెదకికొనుట తప్పని మేమనము. కాని వృత్తిలో నున్నవారు సైతము లెక్క కెక్కకుండుట మన తప్పే.

చీర యొక్కరి పని కాదు. నూలు తోడుట, కండెలు చుట్టుట, ఆసు పోయుట, పడుగు అతుకుట మొదలగు పనులలో స్త్రీల చేయి లేని యిల్లు లేదు. మగ్గముపైఁ గూర్చుండు స్త్రీలును గలరు. అట్లయ్యు గణకుఁడు వచ్చి యడిగినపుడు, “ఆఁడువా రింటిపట్టుననే యుందురు” అని మనము చెప్పుచున్నాము. ఆ యొక్క మాటతో వారు పని లేనివారి పట్టికలోఁ జేరుదురు. కూలి ముట్టకున్నను కుటుంబవృత్తిలోఁ బాలుగొన్నవారు పనివారే యనియు, ఏఁట నాఱుమాసములు పని చేసినవారు ముఖ్యపు పనివారనియు 2011 లెక్క నియమములలోనే కలదు. అంకెలలో లేని చేతులకు సాయ మడుగుట కాధార మేది?

1931 తరువాత జనాభా గణనలో సకలకులముల సంఖ్యలు వెలువడలేదు. 2027 మార్చి 1 ప్రమాణదినముగాఁ గల గణనలోఁ గులమును గూడ నెక్కింప కేంద్రప్రభుత్వము 2025లో నిర్ణయించినది. కులము పేరు వ్రాయించిన మాత్రమునఁ జాలదు, వృత్తియు వ్రాయింపవలెను. వీధి కిద్దఱు చదువుకొన్న యువకులును, ఇద్దఱు స్త్రీలును ఇల్లిల్లు తిరిగి యీ సంగతి తెలుపవలయును. దారిఖర్చులు భరింపఁ బోషకులను వేఁడుచున్నాము.

కొండమీఁది పానకాలస్వామి సగము పానకము స్వీకరించి సగము భక్తునికి విడుచును. లెక్కలో మాత్రము సగమింటిని విడువవలదని మనవి చేయుచు సెలవు గైకొనుచున్నాము.