దద్దుర్లు చేప వల్లనా, పురుగు వల్లనా?

అనిసాకిస్ సముద్రంలో బతికే నులిపురుగు జాతి. తిమింగలాలు, డాల్ఫిన్ల కడుపులో పెరిగి గుడ్లు పెడుతుంది. వాటి పిల్లలు మొదట రొయ్యను పోలిన క్రిల్‌లోకి, దాన్ని మింగిన చేపలోకి చేరతాయి. చేపను పచ్చిగా తింటే రెండు మూడు సెంటీమీటర్ల ఆ లార్వా మనిషి కడుపులోకి వచ్చి జబ్బు చేస్తుంది.

ఈ జబ్బును 1960లో లోకానికి తెలిపినవారు డచ్ శాస్త్రవేత్త వాన్ థీల్, ఆయన సహచరులు. కాస్త ఉప్పు పట్టించిన పచ్చి హెర్రింగ్ చేపంటే డచ్చివాళ్లకు ప్రాణం. పూర్వం పట్టిన చేపకు పడవ మీదే పేగులు తీసేసేవారు. తర్వాత ఐసులో పెట్టి అలాగే ఒడ్డుకు తేవడం మొదలైంది. చేప చచ్చాక లార్వాలు పేగుల్లోంచి కండలోకి పాకుతాయి. అలా పాత అలవాటు పోయి కొత్త జబ్బు వచ్చింది. హెర్రింగును గడ్డకట్టించాకే అమ్మాలని 1968లో చట్టం చేయగానే అది దాదాపు కనుమరుగైంది.

ఈ చరిత్రలో అన్నిటికన్నా అందమైన ఘట్టం జపానుది. సబా చేప మన కానాగంతకు దగ్గర చుట్టం. అది తిన్నాక ఒళ్లంతా దద్దుర్లు వస్తే, ఆ చేప పడలేదని అక్కడా అనుకునేవారు. 1990లో కసుయా బృందం అలాంటి రోగులనే పరీక్షించి, ఒంట్లో అలర్జీ రేగుతున్నది ప్రధానంగా చేప మాంసానికి కాదు, అందులోని అనిసాకిస్‌కని లాన్సెట్ వైద్య పత్రికలో ప్రకటించింది. ఏ పరికరమో కాదు, సరైన ప్రశ్న ఆ చేప మీది నిందను చాలావరకు తుడిచేసింది.

స్పెయిన్‌లో వెనిగర్‌లో ఊరబెట్టిన పచ్చి నెత్తళ్లు ఇష్టంగా తింటారు. బతికున్న లార్వా జీర్ణాశయం గోడను గుచ్చుకున్న కొన్ని గంటల్లో కొందరికి కడుపునొప్పితో పాటు దద్దుర్లు, వాపు వస్తాయి. మరికొందరికి ఊపిరాడక, రక్తపోటు పడిపోయి ప్రాణం మీదికొస్తుంది. పచ్చిగా వడ్డించే చేపను ముందు గడ్డకట్టించాలని 2006లో అక్కడా చట్టం వచ్చింది.

వెనిగరు, పచ్చి చేపతో జపానువారు తినే ఘాటైన వసాబి పురుగును చంపుతాయన్న నమ్మకం సరికాదు. బాగా ఉడికించడం, లేదా ఐరోపా నిబంధన ప్రకారం చేప లోపలి దాకా మైనస్ 20 డిగ్రీల చలిలో కనీసం 24 గంటలు ఉంచడం చంపుతాయి. అయితే లార్వా చచ్చినా దానిలోని కొన్ని ప్రోటీన్లు వేడికి, జీర్ణరసాలకు చెక్కుచెదరవు. అలర్జీ ఉన్నవారిలో ఎక్కువమందికి ఇలా ఉడికించిన లేదా గడ్డకట్టించిన చేప పడుతుంది, కొద్దిమందికి మాత్రం అప్పుడూ దద్దుర్లు వస్తాయి. చేపల శుద్ధి కర్మాగారాల్లో పనిచేసేవారిలో కొందరికి, చేప నోట పెట్టకుండానే, ఈ ప్రోటీన్ల వల్ల ఉబ్బసం వస్తుంది.