చివరి బండికి బలమైన పెట్టె
(స్వర్ణోత్సవ సభలో ఒక పూర్వ విద్యార్థి చేసిన ప్రసంగ పాఠం)

 

నేను మాట్లాడబోయేది ఒక వీడియో గేమ్ గురించి. ఆటల్లో పడి చదువు మానేస్తారని బెత్తం పట్టుకున్న సార్ల ముందే ఈ మాట ఎత్తాలంటే కొంచెం ధైర్యం కావాలి. సార్, ఐదు నిమిషాలు ఓపిక పట్టండి.

మా వయసు వాళ్లకు 'రోడ్ ఫైటర్' గుర్తుండే ఉంటుంది. 1984లో జపాన్ కంపెనీ కొనామి తెచ్చిన కారు ఆట. మన దగ్గర టీవీకి తగిలించి, క్యాసెట్ పెట్టి ఆడేవాళ్లం. ఒకడు ఆడుతుంటే నలుగురం చూసేవాళ్లం. బండి గుద్దుకుంటే పెట్రోలు తగ్గేది, పెట్రోలు అయిపోతే ఆట అయిపోయేది. అంతే, లేచి పక్కకు జరగాలి.

ఇప్పుడు మా పిల్లలు ఆడేది 'మారియో కార్ట్'. నింటెండో కంపెనీ దీన్ని 1992లో తెచ్చింది. ఇద్దరు పక్కపక్కన కూర్చుని ఆడాలన్న ఆలోచనతోనే మొదలుపెట్టారు. 2017లో స్విచ్ మీద వచ్చిన 'మారియో కార్ట్ 8 డీలక్స్' 6 కోట్లకు పైగా అమ్ముడైంది. అందులో 12 బండ్లు పరుగెడతాయి. ఒకే టీవీ ముందు నలుగురు ఆడొచ్చు.

ఈ ఆట కిటుకంతా దారిలో కనిపించే పెట్టెల్లో ఉంది. పెట్టెను తాకితే ఏదో ఒకటి దొరుకుతుంది. ముందున్న వాడికి దొరికేది ఎక్కువగా నాణెం, అరటితొక్క. బాగా వెనకబడ్డవాడికి తూటాలా దూసుకుపోయే శక్తి దొరుకుతుంది. ఎవరైనా గుంతలో పడితే, మబ్బు మీద కూర్చున్న ఒక తాబేలు గాలంతో పైకి లాగి మళ్లీ దారిలో పెడుతుంది. ఎందుకు పడ్డావని అడగదు.

"ఇదేం న్యాయం? కష్టపడి ముందుకెళ్లినవాడికి అరటితొక్కా?" అని మీరు అడగొచ్చు. మా పెద్దోడు రోజూ అడుగుతాడు. కానీ రోజూ గెలిచేదీ వాడే. మలుపులో బండిని ఎప్పుడు జార్చాలో, ఎప్పుడు వదలాలో వాడికి తెలుసు. పెట్టె వెనకున్నవాడిని పోటీలోకి తెస్తుంది కానీ, నడపడం నేర్పదు. ముందున్నవాడి మీదికి వచ్చి పేలే నీలం చిప్ప కూడా ఉంది. అది ఆటలో సరదా, బడికి మాత్రం వద్దు. ఒకరిని పైకి లేపడానికి ఇంకొకరిని పడగొట్టనక్కర్లేదు.

చిన్నపిల్లల కోసం ఇంకో ఏర్పాటుంది. దాన్ని ఆన్ చేస్తే బండి దారి తప్పదు. కానీ అది ఉన్నంతసేపూ కొన్ని దగ్గరి దారులు అందవు, మలుపులో వచ్చే పెద్ద వేగమూ రాదు. ఏదో ఒక రోజు దాన్ని తీసెయ్యాల్సిందే. చేయి పట్టి రాయించి, సమయం చూసి చేయి వదిలిన మన టీచర్లకు ఈ సంగతి ఎవరూ చెప్పక్కర్లేదు.

ఇప్పుడు అసలు మాట. సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ, ఈ మూడు ఊళ్ల నుంచి, చుట్టుపక్కల పల్లెల నుంచి వచ్చినవాళ్లం ఈ హాల్లో ఉన్నాం. ఒకప్పుడు అందరిదీ నల్లగొండ జిల్లానే. 2016లో సూర్యాపేట, కోదాడ కొత్త జిల్లాలోకి వెళ్లాయి, మిర్యాలగూడ పాత జిల్లాలోనే ఉంది. జిల్లాలు రెండయినా బడి ఒక్కటే. మనం కలిసినప్పుడల్లా ఫస్ట్ వచ్చినవాళ్లకు బహుమతులిస్తాం. ఇవ్వాలి, మానొద్దు. కానీ తొమ్మిదో తరగతిలో లెక్కలు అర్థంకాక మెల్లగా బడి మానేస్తున్న పిల్లవాడికి మన సంఘం ఏమిస్తోంది? 'రోడ్ ఫైటర్' లాగా, పెట్రోలు అయిపోయింది, పక్కకు జరగమంటున్నామా?

నా విన్నపం ఒక్కటే. ఈ స్వర్ణోత్సవ నిధిలో కొంత భాగం చివరి బెంచీ కోసం తీసి పెడదాం. సాయంత్రం లెక్కలు, ఇంగ్లిష్ చెప్పేవాళ్లకు జీతం, ఆలస్యంగా ఇంటికెళ్లే పల్లె పిల్లలకు బస్సు ఖర్చు, ఆకలి మీద కూర్చోకుండా ఇంత టిఫిను. ఎవరికి అవసరమో పేర్లు మనం అడగొద్దు. అది టీచర్లకే వదిలేద్దాం. నా వంతు ఈ రోజే ఇచ్చి వెళ్తాను.

ఆ ఆటలో ఇంకో సంగతుంది. ముందు వెళ్తున్న బండి వెనకాలే కాసేపు నడిపితే, వెనక బండికి వేగం వస్తుంది. ముందున్నవాడికి పోయేదేమీ లేదు. మనమంతా ముందు వెళ్లిన బండ్లమే. వెనక వచ్చేవాళ్లకు కనపడేంత దగ్గర్లో ఉందాం.