పాత కారునకు క్రొత్త కప్పుతొడుగు

అమెరికాలో 1960, 1970 దశకములలో తయారైన అనేక కార్లకు ఉక్కు కప్పుపై వినైల్ తొడుగు కనిపించును. వినైల్ అనగా బట్టపై పరచిన ప్లాస్టిక్ పొర; తోలువలె కనిపించుటకై దానిపై గరుకు అచ్చు వేయుదురు. 1962లో ఫోర్డ్ సంస్థ తన థండర్‌బర్డ్ లాండా నమూనాకు ఇట్టి తొడుగు వేసినది. మడచుటకు వీలైన కప్పుగల ఒక తరహా గుఱ్ఱపుబండికి లాండా అని పేరు. ఈ కారు కప్పు మడవబడదు. మడవబడునట్లు కన్పట్టుటయే దాని సొగసు. 1980 దశకములో ఆ మోజు సన్నగిల్లినను, ఆనాటి కార్లను పూర్వరూపమునకు తెచ్చువారు నేటికిని ఈ పని చేయుచున్నారు.

ఈ పనిలో మనము మొదట పరిశీలించవలసినది పాత తొడుగు అడుగునున్న ఉక్కు. వెనుక అద్దము అంచుననో, చీలిన కుట్టులోనుండియో దిగిన నీరు త్వరగా ఆరదు. తుప్పు కంటికి కనబడకయే పెరుగును. పైకి చిన్న బొబ్బగా తోచినది, తొడుగు ఊడదీసిన పిమ్మట చిల్లుగా తేలవచ్చును. కావున అంచు పట్టీలను విప్పి, పాత జిగురును గీకివేసి, తుప్పుపట్టిన భాగమును కోసి, క్రొత్త రేకు అతికి, ప్రైమరు, రంగు వేసి పూర్తిగా ఆరనీయవలెను.

పిదప కప్పు నడుమ ముందునుండి వెనుకకు ఒక గీత గీయవలెను. ముడుతలు పోవుటకు ఎండలో పరచిన తొడుగును ఆ గీతకు సరిగా అమర్చి, ఒక సగమును వెనుకకు మడచి, తొడుగునకును కప్పునకును జిగురు పూయవలెను. జిగురు వ్రేలికి అంటని స్థితికి వచ్చినప్పుడు నడుమనుండి అంచులకు అరచేతితో అదుముచు పోవలెను. ఒకసారి అంటుకొన్నచో సవరించుట కష్టము. అందుచే ఇద్దరుండుట మేలు. రెండవ సగమును కూడ అట్లే అతికించవలెను. మూలల వద్ద వేడిగాలి తగిలించినచో తొడుగు సాగును. వేడి మించినచో దానిపై అచ్చు చెరగును. జిగురు ఆవిరి తేలికగా అంటుకొనును గనుక తలుపులు తెరచి, నిప్పును దూరముగా ఉంచవలెను.

క్రొత్త తొడుగుతో మెరయు పాత కారును కొనదలచువారికి మా మనవి ఒక్కటే. వెనుక అద్దము చుట్టును బొటనవ్రేలితో నొక్కి చూడుడు. ఉక్కు గట్టిగా ఉండక కరకరలాడినచో, తుప్పుపైననే తొడుగు వేసిరేమోయని అనుమానించి, దానిని విప్పి చూపుమని అడుగుడు.