నల్లకలువ కలువే



స్నాతకోత్సవ వేదికల మీద పెద్ద పెద్ద సంగతులు మాట్లాడటం ఆనవాయితీ. నేను గోరంత కూడా లేని ఒక గీత గురించి మాట్లాడతాను. ఇండియన్-అమెరికన్, ఐరిష్-అమెరికన్, జపనీస్-అమెరికన్ అని రాసేటప్పుడు రెండు మాటల నడుమ పెట్టే అడ్డగీత అది. ఇంగ్లీషువాళ్ళు దాన్ని హైఫన్ అంటారు. అమెరికాలో నూరేళ్ళకు పైగా దాని మీద తగువు నడుస్తోంది. ఈ గీత ఉన్నవాడు పూర్తి అమెరికనేనా, లేక సగం మనసు పాత దేశంలో వదిలి వచ్చినవాడా అని. మీలో కొందరు రేపోమాపో ఆ దేశం విమానం ఎక్కుతారు. ఎక్కని వాళ్ళకు అక్కడ అక్కో, బావో, మేనత్త కొడుకో ఉండనే ఉంటారు. కాబట్టి ఆ తగువులో మన ఇళ్ళకూ వాటా ఉంది.

1915 అక్టోబరు 12న న్యూయార్క్‌లోని కార్నెగీ హాల్లో మాజీ అధ్యక్షుడు థియొడోర్ రూజ్‌వెల్ట్ మాట్లాడుతూ, హైఫన్ తగిలించుకున్న అమెరికన్లకు ఈ దేశంలో చోటు లేదని తేల్చేశాడు. సభ పెట్టింది నైట్స్ ఆఫ్ కొలంబస్ అనే కేథలిక్ సంఘం. అందులో ఐరిష్ మూలాల వాళ్ళే ఎక్కువ. పెళ్ళివారింటికి వెళ్ళి పెళ్ళికొడుకును తిట్టిపోసినట్టే. నాలుగేళ్ళకు అధ్యక్షుడు వుడ్రో విల్సన్ కొలరాడోలోని ప్యూబ్లోలో ఇంకో మెట్టు ఎక్కి, హైఫన్ మోసేవాడు దేశం గుండెల్లో దించడానికి కత్తి మోస్తున్నట్టేనన్నాడు. రాజకీయాల్లో ఇద్దరికీ పడేది కాదు, దీని దగ్గర మాత్రం మాట కలిసింది. వాళ్ళ భయం ఉత్తి భయం అని కొట్టిపారేయలేం. ఐరోపాలో యుద్ధం మండుతోంది. 1916 జూలై 30న న్యూయార్క్ రేవులో బ్లాక్ టామ్ అనే చోట మందుగుండు నిల్వలు పేలిపోయాయి. అది జర్మనీ ప్రభుత్వ ఏజెంట్ల పని. ఆ దెబ్బ పక్కనున్న స్వేచ్ఛా ప్రతిమకూ తగిలింది. ప్రతిమ చేతిలోని కాగడా దాకా సందర్శకులను పంపడం ఆ ఏడాదే ఆగిపోయింది, మళ్ళీ మొదలు కాలేదు. అయితే నేరం చేసింది ఒక ప్రభుత్వం జీతమిచ్చి పంపిన మనుషులు. నింద పడింది మిల్వాకీలో, సిన్సినాటీలో తరాలుగా కాపురముంటున్న లక్షల జర్మన్ మూలాల కుటుంబాల మీద.

ఈ భయం వెనక ఒక వ్యాకరణ దోషం ఉందని నా వాదన. నవ్వకండి. పదో తరగతి తెలుగు పరీక్షలో విగ్రహవాక్యాలు రాసి మార్కులు తెచ్చుకున్నవాళ్ళే మీరంతా. రామలక్ష్మణులు అంటే రాముడూ లక్ష్మణుడూ. అది ద్వంద్వం, రెండు పదాలకూ సమాన ప్రాధాన్యం, మనుషులూ ఇద్దరు. నల్లకలువ అంటే నల్లనైన కలువ. అది విశేషణ పూర్వపద కర్మధారయం. పువ్వు ఒక్కటే, ఆ పువ్వు కలువే. అందులో నలుపూ కలువా పోట్లాడుకోవు, ఎందుకంటే ఒకే పీట కోసం పోటీ పడటం లేదు. వస్తువేదో చెప్పేది రెండో పదం, విశేష్యం; దాని తీరు చెప్పేది మొదటి పదం, విశేషణం. రూజ్‌వెల్టూ విల్సనూ ఐరిష్-అమెరికన్ అన్న మాటను ద్వంద్వంగా విడదీశారు. ఒక ఐరిష్‌వాడూ ఒక అమెరికనూ ఒకే చొక్కాలో దూరారనీ, యుద్ధమొస్తే ఏ తల బయటికొస్తుందో చెప్పలేమనీ వాళ్ళ లెక్క. ఆ మాటను తమకు తాము పెట్టుకున్నవాళ్ళలో ఎక్కువమంది కర్మధారయంగానే పెట్టుకున్నారు: అమెరికనే, ఐర్లండు నుంచి వచ్చిన కుటుంబపు అమెరికన్. రూజ్‌వెల్ట్ మాట్లాడిన ఏడాదే హొరేస్ కాలెన్ అనే తత్త్వశాస్త్ర ఆచార్యుడు హైఫన్‌ను వెనకేసుకొస్తూ దేశాన్ని వాద్యబృందంతో పోల్చాడు. ఒక్కో జాతీ ఒక్కో వాద్యమన్నాడు. వినసొంపైన పోలికే గానీ నాకు సగమే నచ్చుతుంది. వయొలిన్ ఏనాటికీ వేణువు కాలేదు. మనిషి మనవరాలు మాత్రం తాత విశేషణాన్ని వదిలేయగలదు, మార్చుకోగలదు, మరచిపోయినదాన్ని వెతికి తెచ్చుకోగలదు.

విశేషణం ప్రమాదకరమా, దాన్ని చెరిపేసే ఆత్రం ప్రమాదకరమా అన్నది చరిత్రలో చూద్దాం. అమెరికా 1917లో యుద్ధంలో దిగాక జర్మన్ అన్న మాట మీదే దాడి మొదలైంది. పులియబెట్టిన క్యాబేజీకి సావర్‌క్రౌట్ అన్న జర్మన్ పేరు తీసేసి స్వేచ్ఛా క్యాబేజీ అన్నారు. తిండి అదే, పులుపు అదే. అయోవా గవర్నరు 1918 మేలో బడిలో, ప్రార్థనలో, రైల్లో, చివరికి ఫోనులో కూడా ఇంగ్లీషు తప్ప వేరే భాష మాట్లాడకూడదని ప్రకటన ఇచ్చాడు. దానికి నెల ముందు ఇల్లినాయి రాష్ట్రం కాలిన్స్‌విల్‌లో జర్మనీలో పుట్టిన ఒక గని కార్మికుణ్ణి గుంపు చెట్టుకు ఉరి తీసింది. నెబ్రాస్కా 1919లో చిన్న తరగతుల పిల్లలకు విదేశీ భాష నేర్పడాన్నే నేరం చేసింది. రాబర్ట్ మేయర్ అనే బడిపంతులు పదేళ్ళ పిల్లవాడికి జర్మన్‌లో బైబిలు కథలు చదివిస్తూ పట్టుబడి 25 డాలర్ల జరిమానాకు గురయ్యాడు. సుప్రీంకోర్టు 1923 జూన్‌లో ఆ చట్టాన్ని కొట్టేసింది. ఇంతటి శుద్ధి వల్ల దేశభక్తి పెరిగిందనడానికి ఆధారం నాకు కనిపించదు. అదే యుద్ధంలో ఫ్రాన్సుకు వెళ్ళిన అమెరికా సేనకు నాయకుడైన పెర్షింగ్ పూర్వీకులు జర్మన్లు. రెండో యుద్ధంలో జర్మనీని ఓడించిన ఐసెన్‌హోవర్‌ది జర్మన్ మూలాల ఇంటిపేరు. పసిఫిక్ నౌకాదళాన్ని నడిపిన నిమిట్జ్‌దీ అంతే.

ఇక ఇదే కథలో మనవాళ్ళ వైపు చూడండి. జర్మన్లను విశేషణం తీసేయమన్నారు. మనవాళ్ళకు విశేష్యమే ఇవ్వలేదు. భగత్ సింగ్ థిండ్ అనే పంజాబీ మొదటి ప్రపంచ యుద్ధంలో తలపాగాతోనే అమెరికా సైన్యంలో పనిచేశాడు. 1918లో పౌరసత్వం వచ్చింది, నాలుగు రోజుల్లో పోయింది. 1920లో మళ్ళీ వచ్చింది. 1923 ఫిబ్రవరి 19న సుప్రీంకోర్టు మళ్ళీ లాగేసుకుంది. అప్పటి చట్టం ప్రకారం వలస వచ్చి పౌరులు కాగలిగేది తెల్లవాళ్ళూ, ఆఫ్రికా సంతతి వాళ్ళూ మాత్రమే. తాను ఆర్యుణ్ణనీ, శాస్త్రం లెక్కన కాకేషియన్‌ననీ థిండ్ వాదించాడు. అది మనం గర్వపడే వాదనేమీ కాదు, పక్కవాణ్ణి కిందకు తోసి తాను పైకెక్కే బాపతు. తీర్పు రాసిన జస్టిస్ సదర్లాండ్ మూడు నెలల ముందు జపాన్ దేశస్థుడు ఒజావా కేసులో, తెల్లవాడంటే కాకేషియన్ అని అర్థం చెప్పి అతని వినతిని తోసిపుచ్చాడు. థిండ్ దగ్గరికొచ్చేసరికి శాస్త్రం పక్కకు పోయింది, సామాన్యుడు తెల్లవాడని ఎవరిని అంటాడో వాడే తెల్లవాడన్నాడు. ఆ తీర్పుతో వైష్ణో దాస్ బగాయ్ పౌరసత్వమూ రద్దయింది. శాన్‌ఫ్రాన్సిస్కోలో వ్యాపారం పెట్టుకుని, వేషంలోనూ భాషలోనూ వీలైనంత అమెరికన్ అయిపోయిన మనిషి. 1928లో ఆత్మహత్య చేసుకున్నాడు. విశేషణం తనకు తానే వదిలేసుకున్నా విశేష్యం దక్కలేదు. ఏడాదికి నూరుమంది భారతీయులను రానిచ్చి, పౌరులు కానిచ్చే చట్టం 1946లో గానీ రాలేదు. థిండ్ తీర్పు వచ్చిన తేదీకే, 1942 ఫిబ్రవరి 19న, మరో ఉత్తర్వు మీద సంతకం పడింది. దాదాపు 1,20,000 మంది జపనీస్ మూలాల వాళ్ళను శిబిరాల్లో పెట్టారు. మూడింట రెండొంతుల మంది అమెరికా పౌరులే. ఆ శిబిరాల నుంచి కూడా యువకులు వెళ్ళి 442వ రెజిమెంటులో చేరి ఐరోపాలో పోరాడారు. 1988లో ప్రభుత్వం క్షమాపణ చెప్పి, బతికున్న ఒక్కొక్కరికి 20,000 డాలర్లు ఇచ్చింది.

ఇప్పుడు దీనికి ఎదురు మాట చెప్పే ఒక భారతీయ మూలాల నాయకుణ్ణి వినాలి. లూసియానా గవర్నరుగా ఉన్న బాబీ జిందాల్ 2015లో, హైఫన్ అమెరికన్ల మాట ఇక చాలన్నాడు. తన తల్లిదండ్రులు వచ్చింది అమెరికన్లు కావడానికేనని ఆయన వాదన. ఆయన విశేషణం ఆయన ఇష్టం, అక్కర్లేదంటే తీసేసుకోవచ్చు. అందరూ తీసేసుకుంటే గొడవే ఉండదన్న దగ్గరే నాకు పేచీ. 2013 సెప్టెంబరులో నీనా దావులూరి మిస్ అమెరికా అయింది. తెలుగు దంపతుల కూతురు, పుట్టింది న్యూయార్క్ రాష్ట్రంలోనే. ఆ రాత్రే ట్విటర్‌లో ఆమెను అరబ్ అన్నారు, ఉగ్రవాది అన్నారు. తాను ఎప్పుడూ ముందు అమెరికన్‌గానే తనను చూసుకున్నానని ఆమె జవాబిచ్చింది. జిందాల్ కోరిన జవాబు అదే కదా! తిట్టినవాళ్ళకు అది వినపడలేదు, పైగా తగిలించిన విశేషణం కూడా తప్పే. 2017 ఫిబ్రవరిలో కాన్సస్‌లోని ఒలేతాలో మన తెలుగు ఇంజనీరును మా దేశం విడిచి పొమ్మని అరిచి కాల్చి చంపినవాడు, చంపింది ఇరాన్ వాళ్ళననుకున్నాడు. వాణ్ణి ఆపబోయి తూటా తిన్న అక్కడి అమెరికన్ ఒకడున్నాడు. అతను మాత్రం ఎవరి సమాసమూ విడదీయలేదు.

వీటికన్నా బలమైన అభ్యంతరం మరొకటుంది. ఇంగ్లండు మూలాల వాణ్ణి ఎవరూ ఇంగ్లీష్-అమెరికన్ అనరు, ఉత్త అమెరికన్ అంటారు. విశేషణం కొందరికే తగిలిస్తే వాళ్ళది రెండో రకం సభ్యత్వమని చాటినట్టే కదా? నిజమే, దీనికి నా దగ్గర పూర్తి జవాబు లేదు. పైగా ప్రభుత్వపు గళ్ళు మరీ విచిత్రం. 1923లో కోర్టు మనల్ని తెల్లవాళ్ళు కాదంది, 1970 జనగణన తెల్లవాళ్ళలో కలిపేసింది, భారతీయ సంఘాలు అడిగాక 1980లో ఏషియన్ ఇండియన్ అని వేరే గడి వచ్చింది. 1968లో బర్కిలీ విద్యార్థులు పుట్టించిన ఏషియన్ అమెరికన్ అన్న గొడుగు కింద జపాన్ వాడూ, వియత్నాం శరణార్థీ, గుంటూరు సాఫ్ట్‌వేర్ ఇంజనీరూ ఇరుక్కుని నిలబడాలి. ఇవన్నీ ఒప్పుకుంటాను. ఐతే గడి ఇరుకైందన్న కారణంతో ఊరు పేరే చెప్పుకోవద్దనడం న్యాయం కాదు. 2019లో అసోసియేటెడ్ ప్రెస్ (ఏపీ) వార్తాసంస్థ తన భాషా నియమావళిలో ఏషియన్ అమెరికన్, ఆఫ్రికన్ అమెరికన్ వంటి మాటల నడుమ గీత తీసేసింది. గీత పోయింది, విశేషణం మిగిలింది, విశేష్యం చెక్కుచెదరలేదు. మన వ్యాకరణానికి మొదటినుంచీ ఆ గీత అక్కర్లేదు.

రెండు విధేయతల సంగతేమిటంటారా? చట్టం దగ్గర మనకు ద్వంద్వ సమాసం లేనే లేదు. అమెరికా పౌరసత్వ ప్రమాణంలో పరాయి ప్రభుత్వాల మీది విధేయతను వదులుకుంటున్నానని నోటితో చెప్పాలి. 1955 నాటి మన పౌరసత్వ చట్టం ప్రకారం, ఇంకో దేశ పౌరసత్వం కోరి తీసుకున్నవాడు భారత పౌరుడుగా ఉండడు. 2006 జనవరిలో హైదరాబాద్ ప్రవాసీ భారతీయ దివస్‌లో మొదలైన ఓసీఐ (ఓవర్సీస్ సిటిజన్‌షిప్ ఆఫ్ ఇండియా) కార్డు పేరులో పౌరసత్వం అన్న మాట ఉన్నా, దానితో ఓటు రాదు. ఇక అక్కడి తెలుగువాడు ఇక్కడి పార్టీ జెండా పట్టుకుని డాలస్‌లో కార్ల ఊరేగింపు తీస్తే, దాన్ని మెచ్చుకోనూ తిట్టనూ వచ్చు. తిట్టాల్సింది ఆ పనిని. ఇంట్లో తెలుగు మాట్లాడే పక్కింటి పిల్లకు దానితో సంబంధం లేదు.

ఈ తగువు మనం వేరే పేరుతో ఇంట్లోనే పడ్డాం. భాషా రాష్ట్రాలిస్తే దేశం ముక్కలవుతుందని 1948లో దార్ కమిషనూ, మరుసటేడు నెహ్రూ, పటేల్, పట్టాభి సీతారామయ్యల కమిటీ జంకాయి. పొట్టి శ్రీరాములు ప్రాణం పోయాక 1953లో ఆంధ్ర రాష్ట్రం వచ్చింది. దేశం ముక్కలు కాలేదు. 2014లో తెలుగువాళ్ళం రెండు రాష్ట్రాలయ్యాం, అప్పుడూ కాలేదు. అంబేడ్కర్ మాత్రం మొదట భారతీయులం, తర్వాత ఇంకొకటి అనడం కూడా తనకు చాలదన్నారు. పుట్టుకతో అంటగట్టిన పేరు మనిషిని ఎలా నలిపేస్తుందో ఆయనకు తెలిసినంత ఎవరికి తెలుసు? అందుకే ఆ మాటను పక్కన పెట్టలేను. ఒకరు ఎంచుకున్న విశేషణానికీ, ఊరు నెత్తిన రుద్దిన విశేషణానికీ తేడా చూడమని ఆయన మాటే నాకు గుర్తు చేస్తుంది.

2014 జనవరిలో ఢిల్లీ లాజ్‌పత్ నగర్‌లో అరుణాచల్ ప్రదేశ్ నుంచి వచ్చిన ఒక విద్యార్థి జుట్టును ఎగతాళి చేసి, కొట్టారు. అతను చనిపోయాడు. ఈశాన్య రాష్ట్రాల వాళ్ళ కష్టాలు చూడటానికి కేంద్రం బెజ్‌బరువా కమిటీ వేసింది. రూజ్‌వెల్ట్ పుట్టిన దేశం దాకా వెళ్ళక్కర్లేదు, విశేష్యం ఇవ్వనివాళ్ళు ఇక్కడా ఉన్నారు. మీరు ఉద్యోగాలకు వెళ్ళే హైదరాబాద్‌లో, బెంగళూరులో మీ పక్క బల్ల దగ్గర ఆ రాష్ట్రం వాళ్ళు కూర్చుంటారు. వాళ్ళ రాష్ట్రానికి ఆ పేరు పెట్టింది 1972లో. అరుణాచల్ ప్రదేశ్, ఆంధ్రప్రదేశ్. ఉత్తరపదం ఒక్కటే.